వేరు దాటనివ్వని చెట్టు: నూనె చెట్ల వడలు తెగులు, జన్యు నిరోధక శక్తి

వడలు తెగులు సోకిన కూరగాయల మడిని దున్నేసి, మరుసటి కారుకు వేరే పంట వేసుకోవచ్చు. చెట్ల తోటకు ఆ వీలు లేదు. ఆయిల్ పామ్ నాటితే సుమారు 25 ఏళ్లు అదే నేలలో నిలబడాలి. ఆలివ్ అయితే తరాల తరబడి ఉంటుంది. కాపు అందుకుని, పెట్టిన పెట్టుబడి తిరిగి రావడం మొదలైన సమయంలో ఆకులు వాలిపోయి చెట్టు నిలువునా ఎండిపోతే, ఆ నష్టం ఒక చెట్టుతో పోదు. కింద ఉన్న నేల కూడా మళ్లీ అదే జాతి మొక్క నాటడానికి పనికిరాకుండా పోతుంది. మందు కొట్టి బాగు చేద్దామా అంటే, తెగులు కలిగించే శిలీంద్రం కాండం లోపలి నీటి నాళాల్లో కూర్చుని ఉంటుంది. పిచికారీ అక్కడిదాకా చేరదు. నేలంతటినీ శుద్ధి చేయడం చిన్న మడిలో అయితే సాధ్యమేమో గానీ వందల ఎకరాల తోటలో కుదరని పని. చివరికి మిగిలే దారి, పుట్టుకతోనే తెగులును తట్టుకునే చెట్టును ఎంచుకుని నాటడం.

అలాంటి చెట్లు ఉన్నాయి. చైనాలో తుంగ్ చెట్టు, ఆఫ్రికాలో ఆయిల్ పామ్, మధ్యధరా తీరంలో ఆలివ్, ఈ మూడింటిలోనూ పక్కపక్కనే, ఒకే నేలలో, ఒక రకం చచ్చిపోతుంటే మరో రకం పచ్చగా నిలబడటం రైతులూ శాస్త్రవేత్తలూ ఎప్పటి నుంచో చూస్తున్నారు. ఎందుకిలా అన్న ప్రశ్నకు గత కొన్నేళ్లలో వచ్చిన జవాబులు కొంచెం ఆశ్చర్యం కలిగించేవే. చచ్చిపోయే చెట్టులోనూ రక్షణ జన్యువు చాలాసార్లు ఉంటోంది. అది సమయానికి పని మొదలుపెట్టకపోవడం వల్లే చెట్టు ఓడిపోతోంది.

చెట్టు లోపల జరిగేది

ఈ తెగుళ్లలో ఎక్కువ వాటికి కారణం ఫ్యూజేరియం ఆక్సీస్పోరం అనే శిలీంద్రం. పేరు ఒకటే అయినా ఇందులో చాలా ప్రత్యేక రూపాలున్నాయి. ఒక్కో రూపం ఒక్కో జాతి మొక్క మీదే పడుతుంది. తుంగ్ మీద పడేది ఫోర్డియిస్ రూపం, ఆయిల్ పామ్ మీద పడేది ఎలైడిస్ రూపం. టమాటాను చంపేది అరటిని ఏమీ చేయదు. ఆలివ్‌కు వచ్చే వడలు తెగులు మాత్రం వేరే శిలీంద్రం పని. దాని పేరు వెర్టిసీలియం డాలియే. ఇది వందల జాతుల మొక్కలకు సోకుతుంది.

రెండూ నేలలోనే కాచుకుని ఉంటాయి. ఫ్యూజేరియం గోడలు మందంగా ఉండే సిద్ధబీజాలుగా, వెర్టిసీలియం ఆవగింజలో వందో వంతు కూడా లేని నల్లటి గట్టి ముద్దలుగా, ఏ ఆధారమూ లేకుండా ఏళ్ల తరబడి బతికేస్తాయి. దగ్గరలో వేరు పెరిగి, దాని నుంచి చక్కెరలు, ఆమ్లాలు మట్టిలోకి ఊరగానే మొలకెత్తుతాయి. వేరు కొనలో గానీ పక్క వేరు పగుల్చుకుని వచ్చిన చోట గానీ లోపలికి దూరతాయి. పై పొరలు దాటి నీటి నాళానికి చేరడమే వాటి లక్ష్యం. ఒకసారి చేరాయంటే నడవాల్సిన పనే లేదు. అక్కడ పుట్టిన చిన్న బీజాలను చెట్టు పీల్చుకునే నీరే పైకి మోసుకుపోతుంది. నాళంలో అడ్డుగోడ దగ్గర బీజం ఆగుతుంది, మొలకెత్తి ఆ గోడను దాటి అవతల మళ్లీ బీజాలు పెడుతుంది. ఇలా మెట్టు మెట్టుగా కొమ్మల దాకా వెళ్తుంది.

చెట్టు ఊరికే ఉండదు. నాళం పక్కనున్న కణాలు బుడగల్లా నాళంలోకి ఉబ్బుతాయి, జిగురు కారుస్తాయి, దారి మూసేస్తాయి. చెట్టు ప్రాణం నిలబడేదీ పోయేదీ ఇక్కడే. శిలీంద్రం కింది వేరులో ఉండగానే నాలుగు నాళాలు మూసుకుపోతే శత్రువు అక్కడే చిక్కుకుపోతుంది, మిగతా వేళ్లు నీరు అందిస్తూనే ఉంటాయి. అదే మూత ఆలస్యంగా పడితే, శిలీంద్రం అప్పటికే పైకి వెళ్లిపోయి ఉంటుంది. దాన్ని వెంటాడుతూ చెట్టు ఒక్కొక్క నాళాన్నే మూసుకుంటూ పోయి తన నీళ్లు తానే ఆపుకుంటుంది. పైనుంచి చూసేవారికి కనిపించే వాలిన ఆకుల్లో శిలీంద్రం చేసిన నష్టం కొంత, చెట్టు ఆలస్యపు రక్షణ వల్ల జరిగిన నష్టం కొంత. నిరోధక శక్తి అంటే ఏమిటో అర్థం చేసుకోవాలంటే ఈ ఒక్క విషయం పట్టుకుంటే చాలు.

తుంగ్: రెండు సోదర జాతుల కథ

తుంగ్ నూనె తినేది కాదు. గాలి తగలగానే ఆరి గట్టి పొరగా మారే గుణం దానిది. అందులో 80 శాతం దాకా ఉండే ఎలియోస్టియరిక్ ఆమ్లం వల్ల ఆ గుణం వచ్చింది. చెక్కకు, పడవలకు, రంగులకు, వార్నిష్‌లకు చైనాలో దీన్ని శతాబ్దాలుగా వాడుతున్నారు. నూనె కోసం ఎక్కువగా పెంచేది వెర్నీసియా ఫోర్డై. నాటిన మూడో ఏడు నుంచే కాపుకు వస్తుంది, నూనె బాగా ఇస్తుంది, చలికి ఓర్చుకుంటుంది. ఫ్యూజేరియం ముందు మాత్రం నిలవలేదు.

దాని సోదర జాతి వెర్నీసియా మోంటానా. దీనికి చలి అంతగా పడదు. ఎక్కువ చెట్లలో ఆడ, మగ వేరువేరు కాబట్టి తోటలో సగం చెట్లు కాయవు. నూనె దిగుబడి కూడా తక్కువ. కానీ తెగులు ఉన్న నేలలో ఇది హాయిగా పెరుగుతుంది. ఈ తేడాను వాడుకోవడానికి రైతులు జన్యుశాస్త్రం కోసం ఆగలేదు. మోంటానా మొక్కను వేరుమూలంగా తీసుకుని, దాని మీద ఫోర్డై కొమ్మను అంటు కట్టారు. కింద తట్టుకునే వేరు, పైన నూనె ఇచ్చే కొమ్మ. ఇది పనిచేసింది. పనిచేయడమే ఒక పెద్ద ఆధారం కూడా. పైనున్నది పూర్తిగా తెగులుకు లొంగే జాతే అయినా చెట్టు బతికిందంటే, పోరాటం గెలిచేది వేరులోనే అని తేలిపోయినట్టే.

రెండు జాతుల జన్యుపటాలూ చేతికొచ్చాక చైనా శాస్త్రవేత్తలు ఎన్‌బీఎస్-ఎల్ఆర్ఆర్ అనే కుటుంబానికి చెందిన జన్యువులను లెక్కపెట్టారు. మొక్కల్లో కాపలా పని చేసే జన్యువుల్లో ఇదే పెద్ద కుటుంబం. శిలీంద్రం కణంలోకి పంపే ప్రొటీన్ల ఆనవాలు పట్టి, వెంటనే రక్షణ చర్యలు మొదలుపెట్టించే ప్రొటీన్లు వీటి నుంచి తయారవుతాయి. ఫోర్డైలో ఇలాంటివి 90 దొరికాయి, మోంటానాలో 149. అంకెలు చూడగానే సంగతి తేలిపోయిందనిపిస్తుంది: కాపలాదారులు ఎక్కువున్న చెట్టు గెలిచింది. కానీ సంఖ్య ఒక్కటే చూసి తీర్పు చెప్పడం తొందరపాటు. జన్యువులు వందల్లో ఉన్నా, ఈ శిలీంద్రాన్ని గుర్తుపట్టేవి వాటిలో ఏ ఒకటో రెండో కావచ్చు.

అసలు విశేషం ఒక జంట జన్యువుల దగ్గర బయటపడింది. రెండు జాతులకూ ఉమ్మడి పూర్వీకుడి నుంచి వచ్చిన ఒకే జన్యువు అది. మోంటానాలో దాన్ని వీఎం019719 అని, ఫోర్డైలో వీఎఫ్11జీ0978 అని గుర్తిస్తారు. శిలీంద్రం సోకగానే మోంటానాలో ఆ జన్యువు జోరందుకుంటుంది, ఫోర్డైలో అదే జన్యువు తగ్గిపోతుంది. ఎందుకు? ప్రతి జన్యువుకూ ముందు భాగంలో ప్రమోటర్ అనే డీఎన్ఏ ముక్క ఉంటుంది. ఆ జన్యువు ఎప్పుడు పనిచేయాలో, ఎంత పనిచేయాలో అక్కడే నిర్ణయమవుతుంది. మోంటానా ప్రమోటర్లో డబ్ల్యూ-బాక్స్ అనే చిన్న అక్షరాల వరుస ఉంది. తెగులు సోకినప్పుడు తయారయ్యే డబ్ల్యూఆర్‌కేవై64 అనే ప్రొటీన్ సరిగ్గా ఆ అక్షరాల మీద వాలి జన్యువును లేపుతుంది. ఫోర్డై ప్రమోటర్లో ఆ డబ్ల్యూ-బాక్స్ తెగిపోయి ఉంది. లేపే ప్రొటీన్ వచ్చినా వాలడానికి చోటు లేదు. తాళం బాగానే ఉండి తాళంచెవి పట్టే రంధ్రం పూడిపోయినట్టన్నమాట.

ఇది కాకతాళీయం కాదని ఎలా తెలిసింది? మోంటానాలోనే ఆ జన్యువు నోరు నొక్కి చూశారు. హాని చేయకుండా మార్చిన వైరస్‌లో ఆ జన్యువు ముక్కను పెట్టి మొక్కకు ఎక్కిస్తే, మొక్క దాన్ని వైరస్ అనుకుని, అదే అక్షరాలున్న తన సొంత జన్యువును కూడా అణిచేస్తుంది. అలా అణిచేసిన మోంటానాలో తెగులును ఆపే శక్తి తగ్గింది. పుట్టుకతో తట్టుకునే చెట్టు, ఒక్క జన్యువు మూగబోగానే తడబడింది. ఇలాంటి రుజువు లేకుండా ఫలానా జన్యువు కారణం అని చెప్పే వ్యాసాలు చాలా వస్తుంటాయి. వాటిని కొంచెం దూరంగా పెట్టి చదవడమే మంచిది.

ఆయిల్ పామ్: జన్యువు పేరు తెలియకుండానే సాధించిన గెలుపు

ఆయిల్ పామ్ కథ దీనికి పూర్తిగా భిన్నం. ఈ తెగులును 1946లో అప్పటి బెల్జియన్ కాంగోలో వార్డ్‌లా అనే శాస్త్రవేత్త వర్ణించారు. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో అది తోటలకు తోటలనే దెబ్బతీసింది. ముదురు చెట్టులో రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి ఉన్నట్టుండి మట్టలన్నీ ఎండి, తల విరిగి పడిపోవడం. రెండోది ఏళ్ల తరబడి కుంగిపోవడం. మట్టలు చిన్నవవుతాయి, కాండం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, చెట్టు చావదు, గెల వేయదు.

అప్పటికి జన్యుపటాలు లేవు. ఐవరీ కోస్ట్, కాంగో, నైజీరియా, కామెరూన్ పరిశోధన కేంద్రాల్లో ప్రజనన నిపుణులు చేసినది ఓపికతో కూడిన పని. ఏ చెట్టుకు ఏ చెట్టుతో సంకరం చేస్తే ఎలాంటి పిల్లలు వస్తున్నాయో చూడటం. నారుమడిలో లేత మొక్కల మొదళ్ల దగ్గర మట్టి కాస్త తొలగించి, వేళ్ల మీద శిలీంద్ర ద్రవం పోస్తారు. కొన్ని నెలలు ఆగి ప్రతి మొక్కనూ పీకి, మొదలు దగ్గరి దుంపలాంటి భాగాన్ని కత్తితో నిలువుగా చీలుస్తారు. ఆరోగ్యంగా ఉన్న మొక్క లోపల తెల్లగా ఉంటుంది. సోకిన దాంట్లో నాళాలు గోధుమరంగు గీతల్లా కనిపిస్తాయి. పైకి పచ్చగా ఉన్న మొక్కలో కూడా కోస్తే ఆ గీతలు కనిపించడం మామూలే. అందుకే ఆకులు చూసి లెక్క రాయరు, కోసి చూస్తారు.

తర్వాత ఆ సంకరానికి ఒక సూచిక కడతారు. పరీక్షలో ఉన్న సంకరాలన్నిటి సగటు 100 అనుకుంటే ఇది ఎంత అని. మొత్తం మీద 40 శాతం మొక్కలు వడలిపోయి, ఒక సంకరంలో 20 శాతమే వడలితే దాని సూచిక 50. వందకు తక్కువ ఉన్నవి ముందుకు వెళ్తాయి, ఎక్కువ ఉన్నవి పక్కకు పోతాయి. ఒక పరీక్షలో వాడిన శిలీంద్రం కాస్త ఉధృతంగా ఉన్నా, వాతావరణం మారినా పోలిక చెడిపోకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. చాలా సాదాసీదా లెక్క, కానీ దశాబ్దాల ఎంపికను నడిపించింది ఇదే. ఐవరీ కోస్ట్‌లో దబూ దగ్గరి రాబర్ట్ మిషో తోటలో తెగులుతో తిన్న దెబ్బ తర్వాత ఎంపిక చేసిన విత్తనంతో తిరిగి నాటినప్పుడు, పాత తరంతో పోలిస్తే నష్టం బాగా తగ్గిపోయింది.

ఇక్కడ పనిచేసింది ఒక్క జన్యువు కాదు. కొంచెం కొంచెం బలాన్నిచ్చే చాలా జన్యువులు తరం తర్వాత తరంగా ఒకచోట చేరాయి. అందుకే ఆయిల్ పామ్ నిపుణులు నిరోధం అనే మాట కంటే సహనం అనే మాటే ఎక్కువ వాడతారు. శిలీంద్రం లోపలికి వస్తుంది, కానీ చెట్టును పడగొట్టలేదు. ఈ సహనానికి తోటలో చేసే పనులూ తోడవ్వాలి. తెగులుతో చచ్చిన పాత మోడుకు దగ్గరగా కొత్త మొక్క నాటితే తట్టుకునే రకం కూడా ఎక్కువగా దెబ్బతింటుంది. పొటాష్ చాలకపోయినా తెగులు పెరుగుతుంది.

ఇప్పటికీ అసలైన టెన్షన్ మరోచోట ఉంది. ప్రపంచంలో పామాయిల్ 80 శాతానికి పైగా ఇండోనేసియా, మలేసియాల నుంచే వస్తోంది. ఈ తెగులు ఆగ్నేయాసియాలో లేదు. అక్కడి తోటల మూలం 1848లో ఇప్పటి ఇండోనేసియాలోని బొగోర్‌లో నాటిన నాలుగు మొక్కల దాకా వెళ్తుంది. ఆ వంశం ఎప్పుడూ ఈ శిలీంద్రాన్ని ఎదుర్కొనలేదు, దాన్ని తట్టుకునేలా ఎవరూ ఎంపిక చేయనూ లేదు. ఆఫ్రికా శిలీంద్రాన్ని కట్టుదిట్టమైన ప్రయోగశాలలో మలేసియా మొక్కలకు ఎక్కించి చూసినప్పుడు అవి సులభంగా లొంగిపోయాయి. విత్తనం మీద ఈ శిలీంద్రం ప్రయాణించగలదు. బ్రెజిల్, ఈక్వెడార్‌లలో బయటపడిన శిలీంద్రం ఐవరీ కోస్ట్‌లో ఉన్న దానికి దగ్గర చుట్టమని పరీక్షల్లో తేలింది. సముద్రం దాటడం దానికి కొత్త కాదన్నమాట. తెగులు లేనప్పుడు తెగులును తట్టుకునే రకాలు తయారుచేయడానికి డబ్బు పెట్టమంటే ఎవరూ ముందుకు రారు. తెగులు వచ్చాక మొదలుపెడితే ఒక తరం ప్రజననానికే పదేళ్లు పడుతుంది. ఆగ్నేయాసియా ఇప్పుడే ఆ పని మొదలుపెట్టాలని అనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

ఆలివ్: ముందే మేలుకుని ఉన్న చెట్టు

ఆలివ్‌లో వెర్టిసీలియం తెగులును ఇటలీలో 1946లో గుర్తించారు. స్పెయిన్‌లో పాత పత్తి పొలాల్లో ఆలివ్ నాటడం మొదలయ్యాక సమస్య ముదిరింది. పత్తికి కూడా అదే శిలీంద్రం సోకుతుంది కాబట్టి నేల అప్పటికే నిండి ఉంది. స్పెయిన్‌లో విస్తారంగా పెంచే పికువల్ రకం దీనికి బాగా లొంగుతుంది. ఇటలీకి చెందిన ఫ్రాంతోయో మాత్రం తట్టుకుంటుంది.

రెండింటి జన్యువుల పనితీరును పోల్చినప్పుడు ఫ్రాంతోయోలో ఒక విషయం తెలిసింది. తెగులు సోకిన తర్వాత వచ్చే మార్పులతో పాటు, సోకకముందే దాని వేళ్లలో కొన్ని రక్షణ జన్యువుల స్థాయి వేరుగా ఉంది. తుంగ్‌లో చూసినదే ఇక్కడ ఇంకో రూపంలో కనిపిస్తోంది. మోంటానా తొందరగా లేస్తుంది, ఫ్రాంతోయో సగం మేలుకునే ఉంటుంది.

దీనిలో ఒక చిక్కు ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఫ్రాంతోయోలోకి శిలీంద్రం రాకుండా పోదు. వస్తుంది, కొంత పెరుగుతుంది, చెట్టు మళ్లీ కోలుకుంటుంది. ఆలివ్‌ను కొమ్మ కత్తిరింపులతో పెంచుతారు. లక్షణాలేవీ కనిపించని తల్లి చెట్టు నుంచి కొమ్మ తీసుకుంటే దానితో పాటు తెగులు కూడా కొత్త తోటకు వెళ్లొచ్చు. నర్సరీలో తట్టుకునే రకం అన్న పేరు చూసి తెగులు పరీక్ష మానేస్తే ఆ సహనమే పక్క తోటకు ప్రమాదమవుతుంది.

శిలీంద్రం కూడా మారుతుంది

ఒక జన్యువు దొరికింది కదా, దాన్ని మంచి రకంలోకి ఎక్కిస్తే సరిపోతుంది అనుకోవడం సహజం. కూరగాయల్లో అలాగే చేశారు. టమాటాలో ఒక నిరోధక జన్యువు ఎక్కించిన కొన్నేళ్లకు దాన్ని దాటే ఫ్యూజేరియం తెగ వచ్చింది. రెండోది ఎక్కించారు, మూడో తెగ వచ్చింది. మొక్కలోని ఒక్కో కాపలా జన్యువు శిలీంద్రంలోని ఒక్కో ప్రొటీన్‌నే గుర్తుపడుతుంది కాబట్టి శిలీంద్రం ఆ ప్రొటీన్‌ను మార్చుకుంటే చాలు, కాపలా ఉన్నా లేనట్టే. మొక్క, శిలీంద్రాల మధ్య ఈ జత లెక్కను 1940లలో హెరాల్డ్ ఫ్లోర్ తేల్చారు. ఆయన పనిచేసిన మొక్క కూడా నూనె పంటే, అవిసె.

ఫ్యూజేరియంకు మరో వెసులుబాటు ఉంది. రోగం కలిగించే జన్యువుల్లో చాలా భాగం దాని అదనపు క్రోమోజోముల మీద ఉంటాయి. టమాటా ఫ్యూజేరియం నుంచి అలాంటి ఒక క్రోమోజోమ్ హాని చేయని ఫ్యూజేరియంలోకి చేరగానే అది కూడా టమాటాను జబ్బు పరచగలిగిందని 2010లో నిరూపించారు. అంటే నేలలో నిరపాయంగా పడి ఉన్న శిలీంద్రం కూడా ఆయుధాలు అరువు తెచ్చుకోగలదు.

కూరగాయకు కొత్త రకం కొన్నేళ్లలో వస్తుంది. పాతికేళ్లు నిలబడే చెట్టుకు మధ్యలో జన్యువు మార్చలేం. ఒకే వంశపు మొక్కలతో వేల ఎకరాలు నింపి, ఒకే జన్యువు మీద భరోసా పెట్టుకోవడం ప్రమాదకరమని అరటి ఇప్పటికే చూపింది. గ్రో మిషెల్ రకం పనామా తెగులుకు (అరటికి వచ్చే ఫ్యూజేరియం వడలు తెగులు) బలైంది, దాని స్థానంలో వచ్చిన క్యావెండిష్ ఇప్పుడు అదే జాతి శిలీంద్రానికి చెందిన టీఆర్4 తెగ ముందు నిలవలేకపోతోంది. ఆయిల్ పామ్‌లో చాలా జన్యువులు కలిసి ఇచ్చే సహనం పూర్తి రక్షణ కాకపోయినా ఎక్కువకాలం మన్నుతుంది. చెట్ల విషయంలో ఆ మన్నికకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

అరటి నుంచే ఒక ఆశ కూడా ఉంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు అడవి అరటి నుంచి ఆర్‌జీఏ2 అనే జన్యువును తీసి క్యావెండిష్‌లో పెట్టారు. ఆ రకానికి 2024లో ఆ దేశం అనుమతి ఇచ్చింది. విశేషమేమిటంటే ఆ జన్యువు క్యావెండిష్‌లో ముందు నుంచీ ఉంది. అడవి అరటి జన్యువు ఎక్కించాక తెగులును బాగా తట్టుకున్న మొక్కతో పోలిస్తే, మామూలు క్యావెండిష్‌లో దాని పనితీరు సుమారు పదో వంతే. నిద్రపోతున్న జన్యువును లేపడం అన్న ఆలోచన తుంగ్‌కే పరిమితం కాదని దీన్ని బట్టి తెలుస్తోంది.

ఇప్పుడు చేతిలో ఉన్నవి

తుంగ్‌లో తేలిన డబ్ల్యూ-బాక్స్ తేడా వెంటనే పనికొచ్చేది ఎంపికలో. రెండు జాతులనూ సంకరం చేసి వచ్చిన మొక్కల్లో ఏది మోంటానా ప్రమోటర్‌ను అందుకుందో ఆకు ముక్క చాలు, డీఎన్ఏ పరీక్షతో మొలక దశలోనే చెప్పొచ్చు. తెగులు నేలలో నాటి ఏళ్లు ఎదురుచూడాల్సిన మొక్కల సంఖ్య బాగా తగ్గుతుంది. తెగిపోయిన ఆ చిన్న అక్షరాల వరుసను జీన్ ఎడిటింగ్‌తో ఫోర్డైలో తిరిగి రాయడం కూడా సూత్రరీత్యా సాధ్యమే. కానీ చెట్ల జాతుల్లో ఎడిట్ చేసిన కణం నుంచి పూర్తి మొక్కను పెంచడం కష్టం, పెంచాక దానికి కాపు వచ్చేదాకా నూనె తగ్గిందా లేదా తెలియదు. రక్షణ జన్యువులు అవసరం లేనప్పుడూ పనిచేస్తుంటే చెట్టు ఎదుగుదలకు వెళ్లాల్సిన శక్తి అటు పోతుంది. అందుకే తెగులు సోకినప్పుడే లేచే ప్రమోటర్ ఉండటం, ఎప్పుడూ లేచి ఉండే దాని కన్నా మేలు.

అప్పటిదాకా భరోసా వేరుమూలం మీదే. కొమ్మ రకాన్ని మార్కెట్ కోరినట్టు మార్చుకోవచ్చు, తెగులుతో తలపడే వేరును విడిగా ఎంచుకోవచ్చు. అంటు తుంగ్‌లో నమ్మకంగా పనిచేస్తోంది. ఆలివ్‌లో ఫలితాలు అంత నిలకడగా లేవు, అందుకే అక్కడ అడవి ఆలివ్‌లలో ఇంకా బలమైన వేళ్ల కోసం వెతుకుతున్నారు, కొన్ని దొరికాయి కూడా. ఆయిల్ పామ్ ఏకదళ బీజం చెట్టు కాబట్టి మామూలు అంటుకు లొంగదు. దానికి ప్రధానంగా విత్తనం దారే. ఆ విత్తనంలోకి చేరాల్సిన జన్యువులు మధ్య, పశ్చిమ ఆఫ్రికా అడవి పామ్‌లలో, శిలీంద్రంతో కలిసి తరతరాలుగా బతికిన చెట్లలో ఉన్నాయి. ఏ పరిశోధన కేంద్రమైనా ఈ తెగులుకు జవాబు వెతకడం మొదలుపెట్టాల్సింది ఆ చెట్ల విత్తనాలు సేకరించి, నారుమడిలో కత్తితో చీల్చి చూసే ఆ పాత పరీక్ష నుంచే.